బడిలో వెనకబడిన పిల్లల విషయంలో వినకూడని సలహాలు

“మీ వాణ్ని ఒకసారి డాక్టర్‌కి చూపించండి.”

ఈ మాట ఎక్కువగా పేరెంట్స్ మీటింగ్‌లో, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టించుకుంటూ అంటారు. అనేవాళ్ళది చెడ్డ ఉద్దేశం కాదు. కిక్కిరిసిన గదిలో ఒంటరిగా పాఠం చెప్పే టీచరుకి, నాలుగో తరగతికొచ్చినా వాక్యం కూడబలుక్కోలేని పిల్లాడి గురించి దిగులు ఉండనే ఉంటుంది. అయినా ఈ సలహాని ఉన్నపళంగా పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తొద్దంటాను. ఆ ఒక్క మాటతో విషయం బడి గేటు దాటిపోతుంది. వాడికి ఏం నేర్పారు, ఎలా నేర్పారు, ఎక్కడ ఆగిపోయాడు అని ఇక ఎవరూ అడగరు. వాడికి ఏ జబ్బుందని మాత్రమే అందరూ అడుగుతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు టీచరుగారితో ఓ అరగంట కూర్చోండి. “వెనకబడ్డాడు” అంటే సరిపోదు. అక్షరాలే గుర్తుపట్టడం లేదా? గుణింతం దగ్గర తడబడుతున్నాడా? వత్తు కనబడగానే ఆగిపోతున్నాడా? చదువుతాడు గానీ అర్థం కావడం లేదా? నోటితో చెప్పగలిగి రాయలేకపోతున్నాడా? లెక్కల్లో అయితే అంకెల దగ్గరా, పదుల స్థానం దగ్గరా, లేక లెక్కని మాటల్లో ఇచ్చినప్పుడా? ఎప్పటినుంచి ఇలా ఉంది? ఇవన్నీ అడిగాక ఇంకొకటి తప్పకుండా అడగండి: ఈ తరగతిలో ఇలాంటి పిల్లలు ఇంకెంతమంది ఉన్నారు?

ఎందుకు అడగమంటున్నానంటే, ప్రథమ్ సంస్థ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే 2024లో దేశం మొత్తమ్మీద తేల్చిన లెక్క ఇది: ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతమే. నలుగురిలో ముగ్గురికి పైగా చదవలేకపోయారు. నలుగురిలో ముగ్గురికి మెదడులో లోపం ఉండదు. అది చదువు చెప్పడంలో ఉన్న లోపం, చాలా పెద్ద లోపం. తరగతిలో సగంమంది చదవలేనప్పుడు అందరికన్నా ఎక్కువ అల్లరి చేసేవాణ్ణి ఏరి డాక్టర్ దగ్గరికి పంపితే, మిగతావాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. వాడి సంగతీ తేలదు.

దీనికి దారేమిటో అదే ప్రథమ్ సంస్థ ఏళ్ళ తరబడి చేసి చూపించింది కూడా. తరగతిని పక్కనపెట్టి, అక్షరాలు వచ్చినవాళ్ళని ఒక గుంపుగా, పదాలు చదివేవాళ్ళని ఇంకో గుంపుగా, పేరా చదివేవాళ్ళని మరో గుంపుగా కూర్చోబెట్టి రోజూ కొంతసేపు వాళ్ళున్న చోటినుంచే నేర్పితే పిల్లలు చదువుతారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో పరీక్షించి బాగుందన్న పద్ధతుల్లో ఇదొకటి. ఐదో తరగతి పిల్లాడికి రెండో తరగతి వాచకం ఇవ్వడం అవమానమని మనవాళ్ళు అనుకుంటారు. ఐదో తరగతి వాచకం ముందు పెట్టి ఏడాది పొడుగునా వాణ్ణి మౌనంగా కూర్చోబెట్టడమే నా దృష్టిలో అవమానం.

నాకు డాక్టర్లతో పేచీ లేదు. చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా నిజం. ధ్యాస నిలవని, కుదురుండని ఏడీహెచ్‌డీ నిజం. అవి ఉన్న పిల్లల్ని ఏళ్ళకేళ్ళు మొద్దులని తిట్టి, కొట్టి, బడి మాన్పించిన పాపం మనది. నా బాధల్లా వరస తప్పడం గురించే. ముందు చూడాల్సినవి చూడకుండా పేరు పెట్టేస్తాం. పేరు పెట్టాక, అసలు నేర్పడమే మానేస్తాం.

“చూపు, వినికిడి బాగానే ఉన్నాయి, టీవీ చూస్తున్నాడుగా.”

టీవీకి దగ్గరగా జరిగి చూస్తాడు. బోర్డుకి జరగలేడు. పుట్టినప్పటినుంచీ మసకగా కనిపించేవాడికి లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనే ఉంటుంది. అందుకే వాడు చెప్పడు. పాత మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లల్ని 4 వేలమందికి పైగా పరీక్షించి 2002లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. చూపు తగ్గిన కళ్ళలో 61 శాతానికి కారణం కళ్ళజోడుతో సరిపోయే లోపమేనని అందులో తేలింది. తెలంగాణలో 2018లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ కంటివెలుగు శిబిరాలు పెట్టారు. ఆంధ్రలో అయితే బడిపిల్లలతోనే మొదలుపెట్టారు. ఆ శిబిరంలో ఎప్పుడో చూశారు కదా అని ఊరుకోకండి. పిల్లల చూపు ఏటికేడాది మారుతుంది.

చెవుల సంగతి ఇంకా అన్యాయం. చంటితనం నుంచి చెవిలో చీము కారుతున్న పిల్లలు మన ఇళ్ళల్లో ఎంతమందో. జలుబు చేసినప్పుడల్లా వినికిడి తగ్గి, తర్వాత కొంచెం తేరుకుంటుంది. రెండో బెంచీ నుంచి “ద”, “ధ” తేడా వినబడని పిల్లకి డిక్టేషన్‌లో సున్నా వస్తే అది పరధ్యానం కాదు.

రక్తహీనత ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. వాళ్ళే ఇప్పుడు పలక పట్టుకుని మన ముందు కూర్చున్నారు. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్ల నీరసంగా, చిరాగ్గా, దేనిమీదా మనసు నిలవకుండా ఉంటుంది. చూసేవాళ్ళకి అది అచ్చం శ్రద్ధలేమిలాగే కనిపిస్తుంది. ఒక రక్తపరీక్షతో తెలిసిపోయే విషయం ఇది.

నిద్ర గురించి కూడా అడిగేవాళ్ళు లేరు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, ఆ పైవాళ్ళకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. చీకటితోనే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, రాత్రి పది దాటాక వదిలే హాస్టల్లో పిల్లాడు పుస్తకం మీద తూలుతుంటే ముందు మార్చాల్సింది ఆ టైంటేబుల్‌ని.

కళ్ళు, చెవులు, పళ్ళు, రక్తం, ఎదుగుదల చూడ్డానికి బడులకీ అంగన్‌వాడీలకీ తిరిగే ప్రభుత్వ బృందాలు 2013 నుంచీ ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంటారు. పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా చూడటం వాళ్ళ పని. అవసరమైతే జిల్లా కేంద్రంలో డీఈఐసీ అనే ప్రభుత్వ చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడ పైసా తీసుకోరు. మీ ఊరి బడికి ఆ బృందం ఎప్పుడొస్తుందో హెడ్మాస్టరుగారిని అడగండి.

“ఒక ఏడాది ముందే బడిలో వేసేయండి, చురుకైనవాడు, అందుకుంటాడు.”

ఈ ఒక్క సలహా ఎంతమంది పిల్లలకి జబ్బు పేరు తెచ్చిపెట్టిందో చెప్పాలంటే కాస్త దూరం వెళ్ళాలి.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ డిసెంబరు 31ని హద్దుగా పెట్టుకుని పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చుకుంటారు. జనవరిలో పుట్టినవాడు ఆ తరగతిలో అందరికన్నా పెద్ద, డిసెంబరులో పుట్టినవాడు అందరికన్నా చిన్న. ఆ రాష్ట్రంలోని 9,37,943 మంది పిల్లల ఆరోగ్య రికార్డులు చూసి 2012లో పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. ఏడీహెచ్‌డీ ఉందని నిర్ధారించిన లెక్కలు తీస్తే, జనవరి మగపిల్లలకన్నా డిసెంబరు మగపిల్లల్లో 30 శాతం ఎక్కువ, ఆడపిల్లల్లో 70 శాతం ఎక్కువ. మందులు రాయించుకున్నవాళ్ళు మగపిల్లల్లో 41 శాతం, ఆడపిల్లల్లో 77 శాతం ఎక్కువ.

అమెరికాలో 2018లో ఇలాంటిదే ఇంకొకటి. సెప్టెంబరు 1 హద్దుగా ఉన్న రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టిన పిల్లల్లో 10 వేలకి 85 మందికి, సెప్టెంబరులో పుట్టినవాళ్ళలో 10 వేలకి 64 మందికి ఆ పేరు పెట్టారు. హద్దు వేరేగా ఉన్న రాష్ట్రాల్లో ఆగస్టుకీ సెప్టెంబరుకీ ఈ తేడా కనబడలేదు.

పుట్టిన నెలని బట్టి మెదడు జబ్బు రాదు కదా. ఆరేళ్ళవాడికి ఏడేళ్ళవాడి పక్కన కుర్చీ వేసి, ఏడేళ్ళవాడిలా కూర్చోలేదని జబ్బు పేరు పెట్టారు. ఆ వయసులో ఏడాదంటే అప్పటిదాకా బతికిన బతుకులో ఆరోవంతు.

మన దగ్గర పాతకాలంలో హెడ్మాస్టర్లు బడికి సరిపోయేలా పుట్టినతేదీ రాసుకునేవారు. అందుకే మన తాతల్లో చాలామందికి కాగితాల మీద జూన్, జూలైలలోనే పుట్టినరోజులు. ఇప్పుడు తేదీ మార్చలేం గనక పిల్లాణ్ణే ముందుకు తోస్తున్నాం. రెండున్నరేళ్ళకి నర్సరీ, మూడున్నరకి ఎల్‌కేజీ, ఆరు నిండకుండానే ఒకటో తరగతి. 2020 జాతీయ విద్యావిధానం ఆరేళ్ళు నిండాకే ఒకటో తరగతి అని చెప్పింది. అయినా అపార్ట్‌మెంట్లలో ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పే మాట మాత్రం “ఏడాది కలిసొస్తుంది” అనే.

మీ పిల్లాడి మీద ఫిర్యాదు వచ్చినప్పుడు మీరు అడగాల్సింది సూటిగా ఇదే: వీడు తరగతిలో అందరికన్నా చిన్నవాళ్ళలో ఒకడా? అవునంటే ఆ విషయం డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి. ఇంకా ఒకటో తరగతిలోపే ఉంటే, ఏడాది ఆపడానికి సిగ్గుపడకండి. ఆ ఏడాదిలో వాడు ఇసుకలో ఆడుకోనీ, కథలు విననీ, నాయనమ్మతో కబుర్లాడనీ. అవన్నీ చదువుకి పునాదే.

“తెలుగెలాగూ రాదు, ఇంగ్లీషు మీడియంలో వేస్తే అన్నీ సర్దుకుంటాయి.”

ఇంట్లో తెలుగు, లేదా లంబాడీ, లేదా కోయ, లేదా ఉర్దూ. బడిలో ఇంగ్లీషు వాచకం. పరిసరాల విజ్ఞానం ప్రశ్నకి జవాబు తెలిసి కూడా ఆ భాషలో పలకలేని పిల్ల నోరు మూసుకుని కూర్చుంటుంది. కొన్నాళ్ళకి ఆ మౌనాన్ని “స్లో లర్నర్” అని కార్డులో రాస్తారు.

తెలుగు లిపి విషయమూ తెలుసుకోవాలి. 36 హల్లులకి పన్నెండేసి గుణింతపు రూపాలనుకున్నా నాలుగు వందలు దాటుతాయి. ఆపైన వత్తులు. ప, ష, వ, మ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. బ, భ, ద, ధ, థ కూడా అంతే. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లా ఒకటి రెండేళ్ళలో ముగిసే వ్యవహారం కాదిది, ప్రాథమిక తరగతుల్లో చాలాకాలం సాగుతుందని అందులో చూపించారు. అందుచేత రెండో తరగతి పిల్ల వత్తుల దగ్గర ఆగిపోతే కంగారు పడకూడదు. మూడు, నాలుగు తరగతుల్లో కూడా గుణింతం నేర్పుతూనే ఉండాలి. మన బడుల్లో ఒకటో తరగతితో గుణింతం “అయిపోతుంది”. అక్కడ జారిపోయిన పిల్లని తిరిగి అందుకునేవాళ్ళు లేరు.

“బి”ని “డి”లా తిప్పి రాశాడని ఐదేళ్ళవాడికి డిస్లెక్సియా అంటగట్టే సలహా కూడా ఈ కోవలోదే. ఆ వయసులో అక్షరాలు తిప్పి రాయడం మామూలే. ఏడెనిమిదేళ్ళకి కూడా పోకుండా, దానితోపాటు మాటలోని శబ్దాలు విడదీయడం కష్టంగా ఉండి, చదవడం బాగా నత్తినత్తిగా సాగుతుంటే అప్పుడు చూపించాలి.

ఐక్యూ పరీక్ష చేయిస్తామంటే ఏ భాషలో చేస్తారని అడగండి. 1905లో ఆల్‌ఫ్రెడ్ బినే పారిస్‌లో మొదటి పరీక్ష తయారుచేసింది, ఏ పిల్లలకి ఎక్కువ సాయం కావాలో కనిపెట్టడానికి. తెలివి ఇంతేనని పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుందనే మాటని ఆయన కోపంగా ఖండించాడు. ఆ పరీక్షని ధార్వాడలో వి.వి. కామత్ 1930లలో కన్నడ, మరాఠీ పిల్లలకి తగ్గట్టు మార్చారు. బినే–కామత్ పేరుతో అది మన క్లినిక్కుల్లో ఇప్పటికీ నడుస్తోంది. అన్నేళ్ళ కిందట వేరే భాష పిల్లల్ని చూసి వేసిన కొలతతో వచ్చిన ఒక అంకెని చూసి మీ పిల్ల జీవితం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

“జ్ఞాపకశక్తికి సిరప్ వాడండి. మిడ్‌బ్రెయిన్ క్లాసులో చేర్చండి. వేలిముద్రలు తీయించండి.”

మెదడు శక్తి, జ్ఞాపకశక్తి పెంచుతామని ఏ మందూ చెప్పుకోకూడదని మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె స్పష్టంగా చెబుతోంది. పాలల్లో కలిపే పొడులకి “హెల్త్ డ్రింక్” అన్న నిర్వచనమే మన ఆహార చట్టంలో లేదని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్ళకి గుర్తుచేయాల్సి వచ్చింది. మిడ్‌బ్రెయిన్ పేరుతో కళ్ళకి గంతలు కట్టి చదివిస్తామనేవాళ్ళ విద్య ముక్కు పక్క సందులోంచి కిందకి చూడటమేనని హేతువాద సంఘాలవాళ్ళు ఎన్నో వేదికల మీద నిరూపించారు. వేలిముద్రలతో పిల్లల తెలివి చెప్పే డీఎంఐటీకి శాస్త్రాధారం లేదని భారత మానసిక వైద్యుల సంఘమే ప్రకటించింది. వీటిమీద పెట్టే డబ్బుతో పిల్లకి కథల పుస్తకాలు కొనండి. బాసర వెళ్ళి అక్షరాభ్యాసం చేయిస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు, ఇంటికొచ్చాక రోజూ పక్కన కూర్చుని దిద్దిస్తే.

“నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.”

రాడు. కొట్టడాన్నీ, మాటలతో హింసించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. చదవలేని పిల్లాడికి దెబ్బతో చదువు రాదు, చదువంటే వణుకు వస్తుంది. ఆ వణుకునే తర్వాత మరో జబ్బుగా రాస్తారు.

“ఒక మాత్రేస్తే కుదురుగా కూర్చుంటాడు.”

కూర్చోవచ్చు. అందుకే ఈ సలహాని జాగ్రత్తగా చూడాలి. పూర్తిగా అబద్ధమైతే తోసేయడం తేలికయ్యేది.

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, నడవడి సరిగా లేని పిల్లల ఆసుపత్రిలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్ 30 మంది పిల్లలకి బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చి చూశాడు. సగంమంది బడిపనిలో ఒక్కసారిగా కుదురుకున్నారు. పిల్లలే దానికి “లెక్కల మాత్ర” అని పేరు పెట్టుకున్నారు. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పనిజోన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. భార్య మార్గరీట్ ముద్దుపేరు రీటా, ఆ పేరునుంచే ఈ మందుకి రిటాలిన్ అన్న పేరు వచ్చింది. ఆ మందు మన దేశంలోనూ దొరుకుతుంది. దాన్ని డాక్టర్ రాస్తేనే, ఎంతో కట్టుదిట్టంగా అమ్మాలి.

నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి ఈ మందు ధ్యాస నిలుపుతుంది, దుడుకు తగ్గిస్తుంది. ఇందులో సందేహం లేదు. రోడ్డు మీదకి చూడకుండా ఉరికే పిల్లాడికి అది ప్రాణరక్ష కూడా. కానీ అది పాఠం నేర్పదు. 2022లో అమెరికాలో 173 మంది ఏడీహెచ్‌డీ పిల్లలకి వేసవి శిబిరంలో పాఠాలు చెప్పి చూశారు. మాత్ర వేసుకున్న రోజుల్లో వాళ్ళు కుదురుగా ఉన్నారు, ఇచ్చిన పని ఎక్కువ చేశారు. తీరా నేర్చుకున్నది కొలిస్తే మాత్ర వేసుకున్నప్పుడూ వేసుకోనప్పుడూ తేడా కనబడలేదు. టీచరుకి కనిపించేది కుదురు. పిల్లకి కావలసింది చదువు. మాత్రతో మొదటిది వస్తే రెండోది కూడా వచ్చేసిందని పెద్దవాళ్ళు నమ్మేస్తారు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. అంతకుముందు గదంతా తిరుగుతూ గుణింతం రాని పిల్లాడు, ఇప్పుడు బెంచీ మీద కూర్చుని గుణింతం రాకుండా ఉంటాడు. మునుపు వాడి అల్లరైనా అందరి కంటా పడేది. ఇప్పుడు అదీ ఉండదు.

ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టడానికి నియమాలున్నాయి. 2013 నుంచి డాక్టర్లు పాటిస్తున్న డీఎస్ఎం–5 అనే నిర్ధారణ గ్రంథం ప్రకారం లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి, ఒకటి కన్నా ఎక్కువ చోట్ల కనిపించాలి. బడిలో మాత్రమే అల్లరి చేసి, ఇంట్లో, అమ్మమ్మగారి ఊళ్ళో, ఆటస్థలంలో మామూలుగా ఉండే పిల్ల విషయంలో ముందు బడిని చూడాలి. ఆరేళ్ళలోపు పిల్లలకి మందు కన్నా ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో చెప్పింది. టీచరు ఒక్క లైను రాసిచ్చిన చీటీ చూసి, పది నిమిషాల్లో మందు రాసే డాక్టర్ మీకు ఎదురైతే ఇంకో డాక్టర్ని వెతుక్కోండి. పిల్లలతో మాట్లాడే డాక్టర్, బడి నోట్‌పుస్తకాలు తిరగేసే డాక్టర్, ఇంట్లో ఏం జరుగుతోందని అడిగే డాక్టర్ కావాలి. ఎవరిని అడగాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు.

దీనికి సరిగ్గా ఎదురు సలహా కూడా ఊళ్ళో తిరుగుతూ ఉంటుంది: “అవి పిచ్చివాళ్ళకిచ్చే మందులు, రేపే ఆపేయండి.” దాన్నీ వినకండి. ఆకలి తగ్గినా, నిద్ర పట్టకపోయినా, పిల్ల ముభావంగా అయిపోయినా రాసిన డాక్టర్‌కే చెప్పండి. మోతాదు మార్చడమో, ఆపడమో ఆయన చూసుకుంటారు. మేనమామ మాట మీద మొదలుపెట్టని మందుని మేనమామ మాట మీద ఆపకూడదు.

“ఆడపిల్ల కదా, నెమ్మదిగా ఉంటుంది, వదిలేయండి.”

కిటికీలోంచి చూస్తూ, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఏడేళ్ళూ పదేళ్ళూ వెనకబెంచీలో గడిపే ఆడపిల్లల్ని ఏ టీచరూ డాక్టర్ దగ్గరికి పంపదు. అల్లరి లేని ఏడీహెచ్‌డీ వాళ్ళలోనే ఎక్కువగా దాగి ఉంటుంది. పెళ్ళి సంబంధాలకి అడ్డమని బయటికి చెప్పరు. చివరికి పదో తరగతి తప్పాక పెళ్ళి చేసేస్తారు. అతిగా మందు రాయడం ఎంత తప్పో, ఈ పిల్లల్ని చూడకపోవడం అంత తప్పే. పైగా మన దగ్గర ఈ రెండోదే ఎక్కువమందికి జరుగుతోంది.

“సర్టిఫికెట్ తెచ్చుకోండి, మిగతాది మేం చూసుకుంటాం.”

బడివాళ్ళు ఈ మాటంటే కాగితం పుచ్చుకోండి, దాంతోపాటు కొన్ని ప్రశ్నలు కూడా పట్టుకెళ్ళండి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినప్పుడు 21 వైకల్యాల జాబితాలో డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ చేర్చారు. దీనికోసం తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి తిరిగారు, కనుక ఇది చిన్న విజయం కాదు. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో, అంటే ఎనిమిదేళ్ళకి, టీచర్లే మొదట పిల్లల్ని గమనించాలి. బడిలో హెడ్మాస్టరు ఆధ్వర్యంలో ఒక కమిటీ ఉండాలి. ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్, మళ్ళీ 14కి, 18కి పరీక్ష. కాబట్టి ఐదేళ్ళవాడికి డిస్లెక్సియా సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే ఆ మనిషిని నమ్మకండి.

సర్టిఫికెట్‌తో పరీక్షలో గంటకి 20 నిమిషాలకి తక్కువ కాకుండా అదనపు సమయం వస్తుంది, రాసిపెట్టే మనిషి వస్తాడు. అవి పిల్లకి హక్కుగా రావలసినవే. కానీ అవి పరీక్ష రోజు సాయాలు. మిగతా రెండొందల రోజులు ఏం చేస్తారన్నదే అసలు సంగతి. చాలా బడుల్లో ఆ కాగితం ఫైల్లో చేరిన రోజు నుంచి పిల్లని పాఠం అడగడం మానేస్తారు. “పాపం, దానికి ప్రాబ్లెం ఉంది” అని జాలిపడతారు. ఆ జాలితో పిల్లకి ఒక్క అక్షరం రాదు. డిస్లెక్సియా ఉన్న పిల్లకి తక్కువ నేర్పకూడదు. ఎక్కువ నేర్పాలి. శబ్దాన్ని విడదీసి, అక్షరంతో జతకట్టి, వేలితో ఇసుకలో దిద్దించి, పైకి చదివించి, మర్నాడు మళ్ళీ అదే చేయించి, ఓపిగ్గా, వరసగా, రోజూ. దానికి మందు లేదు, బడిలో ఒక మనిషి సమయం కావాలి.

కనుక హెడ్మాస్టరుగారికి కాగితంతోపాటు ఒక అర్జీ ఇవ్వండి. చేతిరాతతో చాలు, తేదీ వేసి, నకలు మీదగ్గర ఉంచుకోండి. పిల్లకి విడిగా ఎవరు నేర్పుతారు, వారంలో ఏయే పూటల్లో, ఏ పుస్తకం నుంచి మొదలుపెడతారు, మూడు నెలల తర్వాత ఎంత వచ్చిందో ఎలా చూస్తారు అని రాయండి. ప్రభుత్వ బడి అయితే మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో అడగండి. రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద అవి నడుస్తున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే టీచర్లు అక్కడ ఉంటారు. హైదరాబాద్ దగ్గరున్నవాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఎదుగుదల ఆలస్యమైందనో, బుద్ధిమాంద్యమనో అనుమానం ఉంటే అక్కడ చూస్తారు. ప్రైవేటు బడివాళ్ళు “మా దగ్గర ఇలాంటి పిల్లలకి వీలుపడదు” అని టీసీ చేతిలో పెట్టబోతే, ఆ మాట రాతలో ఇవ్వమనండి. పిల్లల్లో అభ్యసన వైకల్యాన్ని వీలైనంత తొందరగా గుర్తించి తగిన సాయం చేయాలని దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ బడుల మీద బాధ్యత పెట్టింది. రాతలో ఇవ్వడానికి చాలామంది జంకుతారు. ఆ జంకు మొదలైన దగ్గర్నుంచి వాళ్ళతో మాట్లాడటం కాస్త సులువవుతుంది.